మూడో గడిలో మాట

పులిదిండి దయానందం గారికి ఈ లోకంలో ముగ్గురంటే గౌరవం. ఆ ముగ్గురూ ఎప్పుడో పోయారు. ఇద్దరు జర్మనీ దేశపు సంగీతకర్తలు, మూడో ఆయన కాకినాడ మిషను స్కూల్లో దయానందానికి పాట నేర్పిన మాస్టారు. మిగతా మానవజాతి మొత్తం ఆయన దృష్టిలో శ్రుతి తప్పిన జనం. కూరగాయల బండివాడి కేకలో అపస్వరం, పెళ్ళి బ్యాండులో అపస్వరం, బిషప్పు గారి ఆశీర్వచనంలో అయితే వాక్యానికొకటి. ఇవన్నీ ఆయన పైకి అనేవాడు కాదు. ఒక్కసారి చూసి తల తిప్పుకునేవాడు, ఆ చూపు తగిలినవాడికి వారం రోజులు అన్నం సయించేది కాదు. ఆ చూపుతోనే ముప్ఫై ఎనిమిదేళ్ళు కాకినాడలోనే ఒక పాత చర్చిలో గాయక బృందాన్ని నడిపాడు. జిల్లా మొత్తం మీద నాలుగు గొంతుల పాటను అంత శుద్ధంగా పాడే బృందం మరొకటి లేదని ఆయన్ను తిట్టుకునేవాళ్ళు కూడా ఒప్పుకునేవారు.

అటువంటి మనిషి అరవై నాలుగో ఏట విశాఖపట్నం వెళ్ళి ఒక యంత్రం దగ్గర ఉద్యోగానికి కుదిరాడు.

యంత్రం పేరు భావగ్రాహి. ఆ పేరు పెట్టింది డాక్టర్ ఆకెళ్ళ శేషగిరి, స్వరవైద్య పరిశోధనాలయానికి అధిపతి, ఏ చిన్న పని చేసినా ముందు రిబ్బను కత్తిరించి ఫోటో తీయించుకునే మనిషి. మొదటి రోజు ఆయన దయానందాన్ని ఒక గదిలోకి తీసుకెళ్ళి, పన్నెండు మంది నర్సు విద్యార్థినుల మణికట్లకు తీగలు అంటించి, ఏదో ఒక పాట పాడమన్నాడు. గోడ మీది తెరపై పన్నెండు గీతలు పన్నెండు దారుల్లో గెంతుతున్నాయి, ఎవరి గుండె వాళ్ళది. పాట రెండో చరణానికి వచ్చేసరికి అందరూ ఒకేచోట ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టారు. మూడో చరణంలో పన్నెండు గీతలూ దగ్గరికి జరిగి, ఒకదానిమీదొకటి పడి, ఒక్క గీతయిపోయాయి. శేషగిరి కళ్ళు చెమ్మగిల్లాయి. ఈ దృశ్యాన్ని ఆయన అప్పటికి రెండు వందల సార్లు చూసి ఉంటాడు, రెండు వందల సార్లూ చెమ్మగిల్లే ఉంటాయి. ఎలా ఉంది మాస్టారూ అని అడిగితే, ఎడమనుంచి మూడో అమ్మాయి గొంతు పావు స్వరం తక్కువగా ఉందన్నాడు దయానందం.

ఆ ఒక్క గీతే శేషగిరి కనిపెట్టిన రహస్యం. కలిసి పాడేవాళ్ళ గుండె చప్పుడు వాళ్ళ గొంతులో సన్నని వణుకుగా నిలిచిపోతుంది, రికార్డింగులో కూడా. మన చెవికి అది అందదు, భావగ్రాహికి అందుతుంది. దాన్ని పాటలోంచి బయటికి తీసి, చెవి వెనక ఎముకకు ఆనించే ఒక బిళ్ళ ద్వారా మరో మనిషికి ఎక్కిస్తే, ఆ మనిషి గుండె కూడా వెళ్ళి ఆ వరసలో కలుస్తుంది. పాడేటప్పుడు వాళ్ళకేం అనిపించిందో ఈ మనిషికీ అదే అనిపిస్తుంది. ఒక్క గొంతుతో ఈ పని జరగదు, కనీసం పాతిక గొంతులుండాలి.

ప్రతి రికార్డింగుకూ ఒక అట్టముక్క ఉండేది. దాని మీద మూడు గడులు: వేగం, శ్రుతి, భావం. మూడూ యంత్రమే నింపుతుంది. కింద ‘మనిషి చెవి’ అని ఒక గీత, ఆ గీత మీద దయానందం సంతకం. సంతకం లేని కార్డు ఏ రోగి దగ్గరికీ వెళ్ళకూడదని, యంత్రం రాసిన దాన్ని మనిషి కొట్టేసి మారిస్తే మార్చిందే చెల్లుతుందని పైవాళ్ళు నియమం పెట్టారు. యంత్రాల మీద నమ్మకం లేని ముసలివాళ్ళు ఎవరో పెట్టి ఉంటారు. వాళ్ళంటే మాత్రం దయానందానికి కొంచెం గౌరవం కలిగింది.

మూడో గడిలో రాయడానికి యంత్రానికి ఇరవై రెండు మాటలు నేర్పారు. ఉల్లాసం, విషాదం, భయం, శాంతి, అలా. ఆ జాబితాను దయానందం రెండుసార్లు చదివాడు. తర్వాత, ఇది సంగీతానిదా, పప్పుల కొట్టుదా అని అడిగాడు. అడిగింది తనూజను. తనూజ విజయనగరం పిల్ల, ఇరవై ఎనిమిదేళ్ళ ఇంజనీరు, భావగ్రాహికి చెవులు అమర్చింది ఆ అమ్మాయే. తనకు సంగీతం ఒక్క ముక్క రాదని ముందే చెప్పేసింది. ఆ ఒక్క మాటతో దయానందం ఆమెను మనుషుల్లోంచి తీసి కుర్చీలూ బల్లల్లో కలిపేశాడు.

యంత్రం తప్పు చేయకపోతుందా అని ఆయన కాచుకుని కూర్చున్నాడు. రెండో వారంలోనే చిక్కింది. ఎవరో బడిపిల్లలు పాడిన కోతల పాటకు, చిడతలు, చప్పట్లతో ఎగిరిపడే పాటకు, మూడో గడిలో ‘భయం’ అని వచ్చింది. దయానందం పగలబడి నవ్వి, దాన్ని కొట్టేసి ‘ఉల్లాసం’ అని రాసి సంతకం పెట్టాడు. తనూజ ఊరుకోక ఆ బడికి ఫోను చేసింది. పాట సాగినంతసేపూ టీచరు బెత్తం పట్టుకుని పక్కనే నిలబడ్డాడట. ఆ సంగతి వచ్చి చెబితే దయానందం, అందుకే ఒక్కడూ శ్రుతి తప్పలేదు అన్నాడు. కార్డు మార్చలేదు.

ఇంత అసహ్యించుకుంటూ ఆయన అక్కడెందుకున్నాడంటే, సుగుణ కోసం.

సుగుణ ఆయన భార్య. కిందటి వానాకాలంలో మెదడు జ్వరం వచ్చి పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడింది. మాట వచ్చింది, నడక వచ్చింది, జ్ఞాపకం వచ్చింది. ఇష్టం, అయిష్టం మాత్రం తిరిగి రాలేదు. అన్నం పెడితే తింటుంది, పెట్టకపోతే అడగదు. చారులో ఉప్పు వెయ్యకపోయినా ఒకటే, రెండుసార్లు వేసినా ఒకటే. చెల్లెలు చనిపోయిందని రాజమండ్రి నుంచి ఫోను వస్తే విని, సరే అని పెట్టేసి, మడతపెడుతున్న దుప్పటి మడతపెట్టుకుంది. ఆ చెల్లెలంటే ఆవిడకు ప్రాణం. చెల్లెలి కూతురు కెజియాను పదేళ్ళు తన దగ్గరే ఉంచుకుని పెంచింది.

ఈ మార్పు కనిపెట్టడానికి దయానందానికి ఐదు వారాలు పట్టింది. ఆవిడ మనసులో ఏముందని అడిగే అలవాటు ఆ ఇంట్లో ముందునుంచీ లేదు. సుగుణ వంట చేస్తూ కూనిరాగం తీసేది, ఆయన ముందుగదిలో పేపరు చదువుతూ, అర స్వరం తక్కువ, అనేవాడు. ఆవిడ ఆపేసేది. మర్నాడు మళ్ళీ తీసేది. ఒకరోజు పేపరు మొత్తం అయిపోయినా తాను ఆ మాట అనలేదని ఆయనకు తట్టింది. వంటింట్లో చప్పుడు లేదు. వెళ్ళి చూస్తే ఆవిడ పొయ్యి ముందు నిలబడి ఉంది, గిన్నె మాడిపోతోంది, ఆవిడ ఆ మాడేదాన్నే చూస్తోంది. దయానందం భయపడ్డాడు. ఎవరినీ లెక్కచేయని ఆ మనిషికి, తన వెనక గదిలో ఆవిడ లేకపోతే తాను బతకలేడని అప్పుడు తెలిసింది. అది ఎవరికీ చెప్పుకోలేదు, సుగుణకు అసలే చెప్పలేదు.

ఆసుపత్రివాళ్ళే శేషగిరి సంగతి చెప్పారు. శేషగిరికి నిఖార్సయిన చెవి ఒకటి కావాలి, దయానందానికి భార్య కావాలి. పెదవాల్తేరులో రెండు గదులు తీసుకుని సుగుణను అక్కడ ఉంచి, ఆవిడ వంతు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాడు. వంతు వచ్చేముందు శేషగిరి ఒక్క విషయం గట్టిగా చెప్పాడు. ఇలా ఖాళీ అయిన మనసుకి మొదట ఎక్కించే పాటే పునాది. తడి సిమెంటులో అడుగు వేసినట్టు అది దిగబడిపోతుంది. తర్వాత ఎన్ని ఎక్కించినా దాని మీద వేసే రంగులే తప్ప, దాన్ని తీయడం కుదరదు. కాబట్టి మొదటి పాట జాగ్రత్తగా ఎంచుకోవాలి.

ఎంచుకోవడానికేముంది అన్నాడు దయానందం. మర్నాడు తన పెట్టెలోంచి ఒక సీడీ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

అది ఆయన జీవితం. ముప్ఫై ఏళ్ళ కిందట హైదరాబాదు నుంచి మైకులు తెప్పించి చర్చిలోనే రికార్డు చేయించిన లాటిన్ శాంతి ప్రార్థన. ముప్ఫై ఇద్దరు గాయకులు. వాళ్ళలో లాటిన్ తెలిసినవాడు ఒక్కడూ లేడు, తెలుగు అక్షరాల్లో రాసుకుని ఎనిమిది నెలలు వల్లెవేశారు. ఆరు నిమిషాల పాట మొత్తంలో ఒక్క వెంట్రుక పక్కకి జరగదు. ఆ సీడీని చావులకూ, ప్రతిష్ఠలకూ మూడు జిల్లాల్లో పెట్టుకునేవారు. విని ఏడ్చినవాళ్ళున్నారు, మందు మానేసినవాడున్నాడు.

భావగ్రాహి ఆరు నిమిషాలూ విని కార్డు ఇచ్చింది. వేగం: నిమిషానికి యాభై ఎనిమిది. శ్రుతి: డి మైనర్. భావం: తిరస్కారం.

దయానందం కార్డును దూరంగా పెట్టి చదివాడు, దగ్గరికి తెచ్చి చదివాడు. మళ్ళీ వినిపించమన్నాడు. మళ్ళీ అదే వచ్చింది. మూడోసారీ అదే. యంత్రాన్ని ఆపి మళ్ళీ పెట్టమన్నాడు. తనూజ ఓపిగ్గా ఆపింది, పెట్టింది, అదే వచ్చింది.

"ఈ పాటకు అర్థం ఏంటో తెలుసా నీకు?" అన్నాడు. "ప్రభువా, మాకు శాంతినియ్యి అని."

"మెషీను పాట వినదండి మాస్టారూ. పాడేవాళ్ళని వింటుంది," అంది తనూజ. ఆ రోజు పాడేముందు ఏమైనా జరిగిందా అని అడిగింది. ఎందుకంటే సీడీ మీద ముప్ఫై రెండు పేర్లున్నాయి, యంత్రానికి దొరికిన గొంతులు ముప్ఫై ఒకటే. ఊపిరులు మాత్రం ముప్ఫై రెండు. ఆల్టోల వరసలో, అంటే కింది శ్రుతిలో పాడే ఆడవాళ్ళ వరసలో, ఒకరు ప్రతిచోటా అందరితోపాటు ఊపిరి తీసుకుంటున్నారు, పాడటం లేదు.

దయానందం ఏమాత్రం తొణక్కుండా చెప్పాడు. అది సుగుణ. పది టేకులు పాడయ్యాయి ఆ రోజు, ఆల్టోల్లో ఎక్కడో గాలి గొంతు ఒకటి వినబడుతోంది. పదకొండో దానికి ముందు ఆయన దిగి వచ్చి భార్య ఎదుట నిలబడి, నువ్వు నోరు కదుపు చాలు, గొంతు విప్పకు, అన్నాడు. బృందాల్లో ఇది మామూలే. ఫోటోలో వరస నిండుగా కనబడాలి, పాటలో మచ్చ వినబడకూడదు, అందుకని ప్రతి బృందంలోనూ ఒకరిద్దరు ఉత్త నోరు కదిపేవాళ్ళుంటారు. సాధారణంగా పక్కకి పిలిచి చెబుతారు. ఆయన పిలవలేదు, టైము లేదు. మైకులవాళ్ళు కూడా విన్నారు. కొందరు నవ్వారు. ఆ వెంటనే పాడిందే ఈ టేకు. సుగుణ ఆరు నిమిషాలూ నోరు కదిపింది, ఇంటికొచ్చి వంట చేసింది, ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. అంతే జరిగింది అన్నాడు.

తనూజ కార్డును ఆయన ముందుకు జరిపింది.

"ముప్ఫై ఒక్క గుండెలూ మీ చెయ్యి వెంట వెళ్ళాయండి. ఆ నిమిషంలో మీలో ఏముందో అదే వాళ్ళందరిలోనూ ఉంది. ఇది ఆంటీకి పెట్టొద్దు."

పెట్టాల్సింది ఏదో కూడా ఆమె దగ్గర సిద్ధంగా ఉంది. భీమిలి దగ్గర రొయ్యలు ఒలిచే షెడ్డులో నలభై మంది ఆడవాళ్ళు పని దిగాక పాడుకున్న పాట. తొమ్మిది మంది రోగులకు పెడితే తొమ్మిది మందీ మనుషులయ్యారు. దయానందం దాన్ని ఒక నిమిషం విన్నాడు. వేగం ఎవరిష్టం వాళ్ళది. శ్రుతి మూడుచోట్ల జారింది. మధ్యలో ఎవరో దగ్గారు, ఎవరో నవ్వారు, ఎవరి చంటిపిల్లో ఏడిస్తే ఒకామె పాడుతూనే ఊరుకోబెట్టింది. మూడో గడిలో ‘ఊరట’ అని ఉంది. ముప్ఫై ఏళ్ళు తన బృందంలో నిలబడ్డ మనిషికి ఈ రొయ్యల కంపు ఎక్కిస్తారా అన్నాడు. పైకి అన్నది అది. లోపల మరొకటి ఉంది. సుగుణ తిరిగి వచ్చేటప్పుడు తాను చేసిన పనుల్లోకెల్లా ఉత్తమమైనది పట్టుకుని రావాలని ఆయన ఆశపడ్డాడు. ఆవిడకు ఇవ్వడానికి ఆయన దగ్గర అంతకన్నా మంచిది ఏమీ లేదు. ఆ సంగతి నిజం కూడా.

‘తిరస్కారం’ మీద అడ్డంగా రెండు గీతలు కొట్టి, పైన గుండ్రటి అక్షరాలతో ‘శాంతి’ అని రాసి, సంతకం పెట్టాడు. తనూజ కార్డు పట్టుకుని శేషగిరి దగ్గరికి పరిగెత్తింది. శేషగిరి నియమాల పుస్తకం తీసి చూశాడు. సంతకం చేసినవాడి మాట చెల్లుతుంది. రోగి తరఫున ఒప్పుకోవాల్సిందీ భర్తే, అతను ఒప్పుకున్నాడు. పైగా పద్నాలుగో తారీఖున మంత్రిగారు చూడటానికి వస్తున్నారు, ఆలోగా నడిచి మాట్లాడే రోగి ఒకరు కావాలి. ఇన్ని అనుకూలాలుండగా వద్దనడానికి శేషగిరికి ధైర్యం చాలలేదు. అసలు ఆయన దగ్గర ధైర్యం ఎప్పుడూ లేదు.

రోజుకో గంట చొప్పున ఆరు రోజులు ఎక్కించాలి. మూడు రోజులు సుగుణ మంచం మీద పడుకుని కప్పుకేసి చూస్తూ ఉండిపోయింది. నాలుగో రోజు ఉదయం చివరి స్వరం ఆగగానే తల కొంచెం పక్కకి తిప్పి, ఆ ఫ్యాను ఎవడు బిగించాడు, వంకరగా తిరుగుతోంది, అంది.

ఎనిమిది నెలల్లో ఆవిడ నోట వచ్చిన మొదటి అభిప్రాయం అది. దయానందం మంచం అంచు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నర్సు పరిగెత్తుకెళ్ళి కాఫీ తెచ్చింది. సుగుణ ఒక గుక్క తాగి, గ్లాసును పక్కన పెట్టి, ఇది కాఫీ అని నీకెవరు చెప్పారమ్మా అని అడిగింది. రుచి తెలుస్తోంది, రుచి తెలుస్తోంది, అని శేషగిరి చప్పట్లు కొట్టాడు. తనూజ కొట్టలేదు. యంత్రం వెనక నిలబడి తీగలు చుట్టుకుంటోంది.

పద్నాలుగో తారీఖున మంత్రిగారు వచ్చి, శేషగిరి చెప్పినదంతా విని, ఆహా అంటూ తల ఊపారు. సుగుణ ఆయన్ను నిమిషం సేపు చూసి, మీకు అర్థం కాలేదు కదా, ఎందుకండీ ఆ ఊపడం, అంది. మంత్రిగారు ముందు కంగారుపడి తర్వాత గట్టిగా నవ్వారు, ఆయన నవ్వారు కనక వెనకున్న నలభై మందీ నవ్వారు. రోగి పూర్తిగా కోలుకుందనీ, ఇకమీద తన నిర్ణయాలు తానే తీసుకోగలదనీ శేషగిరి అక్కడికక్కడే ధ్రువపత్రం రాసి ఫోటో దిగాడు. ఆ సాయంత్రమే దయానందం ఉద్యోగం వదిలేసి భార్యను తీసుకుని కాకినాడ రైలెక్కాడు. దారి పొడుగునా ఆవిడ కిటికీలోంచి స్టేషన్లను చూసింది, ఒక్కటీ నచ్చలేదు.

మొదట్లో దయానందానికి ఎంత ముచ్చటగా ఉండేదో చెప్పలేం. తాను లోకంలో ఒంటరిగా మోస్తున్న విసుగును పంచుకునే మనిషి ఇంట్లోనే దొరికింది. బిషప్పు గారి ఉపన్యాసం విని ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. బ్యాండు మేళం వెళ్తుంటే ఇద్దరూ కలిసి కిటికీ మూసేవారు. పెళ్ళయిన ముప్ఫై నాలుగేళ్ళకు కాపురం కుదిరిందనుకున్నాడు.

నెల తిరక్కుండానే అది ఆయన మీదికి తిరిగింది. ఒకరోజు గడ్డం గీసుకుంటూ ఏదో కూనిరాగం తీస్తుంటే వంటింట్లోంచి, అర స్వరం ఎక్కువ, అని వినిపించింది. దయానందం శ్రుతిదండం తీసి మోగించి చూసుకున్నాడు. నిజంగానే ఎక్కువ. ఆవిడకు అంత చెవి ఉందని ఆయనకు అంతవరకు తెలియదు. ఎప్పుడూ తెలుసుకోలేదు. శనివారం బృందం సాధనకు ఆవిడ కూడా వచ్చి ముందు బల్ల మీద కూర్చోవడం మొదలుపెట్టింది. ఏమీ అనేది కాదు. ఆయన చెయ్యి ఎత్తగానే ఆ చేతికేసి చూసేది. ఆ చెయ్యి మొట్టమొదటిసారి వణికింది. మగగొంతుల్లో పైశ్రుతి టెనర్లు ఒకచోటికి, కిందిశ్రుతి బాస్‌లు ఒకచోటికి వెళ్ళిపోయారు. నడిపించేవాడి చెయ్యి వణికితే ఏమవుతుందో బృందానికి అప్పుడు తెలిసింది. మూడో శనివారం ఆయన ఒంట్లో బాగాలేదని చెప్పి సాధనకు వెళ్ళలేదు. ఆవిడ వెళ్ళి ఖాళీ చర్చిలో కాసేపు కూర్చుని వచ్చింది.

వండటం మానలేదు. వండి, వడ్డించి, ఆయన తింటుంటే ఎదురుగా కూర్చుని చూసేది. దయానందం సన్నబడ్డాడు.

ఇదంతా ఆయన భరించేవాడేమో. కెజియా రాకపోతే. తల్లి పోయి ఏడాది అయిన రోజున ఆ పిల్ల రాజమండ్రి నుంచి వచ్చింది. జ్వరం వల్ల మనసు మొద్దుబారిన పెద్దమ్మ అప్పుడు ఏడవలేకపోయిందని దానికి తెలుసు. ఇప్పుడు బాగయిందట, ఇద్దరం కలిసి ఒక్కసారి ఏడిస్తే బరువు దిగుతుందని వచ్చింది. గుమ్మంలోనే పెద్దమ్మ మెడ పట్టుకుని భోరుమంది. సుగుణ ఆ చేతుల్ని ఒకటొకటిగా విడదీసి, ఆ పిల్లను కొంచెం దూరంగా నిలబెట్టి, పైనుంచి కిందికి చూసింది.

"మీ అమ్మ కూడా ఇంతే. ఏడుపు కూడా పదిమందికి వినబడాలి," అంది.

కెజియా ఏడుపు అక్కడే ఆగిపోయింది. పదేళ్ళు తనకు తల దువ్విన మనిషి కోసం ఆ మొహంలో వెతికింది. తర్వాత సంచీ తీసుకుని, మంచినీళ్ళు కూడా తాగకుండా, వచ్చిన ఆటోలోనే వెళ్ళిపోయింది. దయానందం వీధి చివరిదాకా పరిగెత్తాడు గాని అందలేదు. ఆయన తన జన్మలో ఎవరి వెంటా పరిగెత్తలేదు.

మర్నాడే విశాఖపట్నం వెళ్ళాడు. శేషగిరి పలకరించి, ఎవరో విదేశీయులు వచ్చారని లోపలికి వెళ్ళిపోయాడు. తనూజ కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఆయన కెజియా సంగతి చెప్పి, ఆ కార్డు చూపించమని అడిగాడు. తన చేత్తో రాసిన ‘శాంతి’నీ, దాని కింద గీతల్లోంచి కనబడుతున్న మాటనీ చూసి, యంత్రం తప్పు చెప్పలేదమ్మా అన్నాడు. తనూజను అమ్మా అనడం అదే మొదలు. ఆ అమ్మాయి దెప్పలేదు. దెప్పి ఉంటే ఆయనకు కొంచెం తేలికయ్యేది.

తీయడం కుదరదని ఆమె మళ్ళీ చెప్పింది. పైన మరొకటి వేయవచ్చు. రొయ్యల షెడ్డు పాట వేస్తే సగానికి సగం అవకాశం ఉంది, కనీసం కెజియాను చూస్తే దగ్గరికి తీసుకునేంత మెత్తదనం వస్తుంది. అయితే ఈసారి దయానందం సంతకం పనికిరాదు. రోగి కోలుకుందని ధ్రువపత్రం ఉంది కనక ఆవిడే ఒప్పుకోవాలి. ఒక కాయితం ఇచ్చి, కింద ఆంటీ సంతకం పెడితే చాలు, ఆ రోజే బయల్దేరి వస్తానంది. ఆయన ఆ పాట ఇంకొకసారి వింటానని అడిగాడు. దగ్గూ, నవ్వూ, చంటిపిల్ల ఏడుపూ అన్నీ చివరిదాకా విన్నాడు. శ్రుతి మూడుచోట్ల జారింది. జారిన ప్రతిచోటా పక్కవాళ్ళు కూడా ఆ జారినామెతోపాటు జారి, ఆమెను ఒంటరిగా వదలకుండా వెంట తెచ్చుకోవడం ఈసారి ఆయనకు వినిపించింది.

ఇంటికి చేరేసరికి సాయంత్రం అయింది. సుగుణ వరండాలో కుర్చీలో కూర్చుని వీధిని చూస్తోంది. దయానందం ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఇలాంటి మాట మొదలుపెట్టడం ఆయనకు అలవాటు లేదు.

"నీకు లోపల ఎలా ఉంది సుగుణా?" అన్నాడు.

ఆవిడ వీధినుంచి చూపు తిప్పలేదు. ఆయన అంతా చెప్పాడు. కార్డులో ఏముందో, తాను ఏం కొట్టేసి ఏం రాశాడో, ఎందుకు రాశాడో. ఇప్పుడు నీలో ఉన్నది నీది కాదు, నాది, నేనే ఎక్కించాను, అన్నాడు.

"తెలుసు. మొదటి రోజే తెలిసింది. ఆ పాటలో ఎక్కడెక్కడ ఊపిరి తీసుకోవాలో నాకు ఇంకా కంఠతా వచ్చు," అంది సుగుణ.

ఆయన కాయితం ఆవిడ ఒళ్ళో పెట్టి, జేబులోంచి కలం తీసి మూత విప్పి ఇచ్చాడు. ఒక్క సంతకం పెట్టమన్నాడు. తనకోసం కాదు, కెజియా కోసం అన్నాడు. కెజియా పేరు వినగానే ఆవిడ మొహంలో ఏదైనా కదులుతుందేమోనని చూశాడు. కదల్లేదు. నువ్వు మునుపటిలా ఉంటే చాలు, వంటింట్లో నీ ఇష్టం వచ్చినట్టు పాడుకో, నేను ఒక్క మాట అనను, అన్నాడు. చివరికి కుర్చీ పక్కన నేల మీద కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. వీధిలో వెళ్ళేవాళ్ళు చూశారు.

సుగుణ కాయితం మొదటినుంచి చివరిదాకా చదివింది. ఒకచోట తప్పు కనబడితే కలంతో దిద్దింది. తర్వాత దాన్ని నాలుగు మడతలు పెట్టి, కలం మూత బిగించి, రెండూ ఆయన చొక్కా జేబులో పెట్టింది. పెట్టి, ఆయన మొహంలోకి తీరిగ్గా చూసింది.

"ముప్ఫై నాలుగేళ్ళు ఈ చూపుకి అవతలి పక్క నిలబడ్డాను," అంది. "ఇవతల ఇంత హాయిగా ఉంటుందని ఒక్క రోజైనా నాకు చెప్పలేదేమండీ?"